ఓడలు కట్టిన ఐరిష్ వలసదారు: అతని జీవితాన్నీ కుటుంబాన్నీ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా నాన్నగారు అక్కడి షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. నేను చాలాకాలంగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఐర్లండ్ నుంచి పదహారేళ్ల వయసులో వచ్చి, అమెరికాలోకెల్లా పెద్ద నౌకానిర్మాతగా ఎదిగిన జాన్ రోచ్ జీవితాన్ని తెలుగులో ఒక చిన్న పుస్తకంగా రాయాలని ఉంది. చదువుతున్నకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి. కొందరు ఆయనను రాజకీయ నాయకుల అండతో బాగుపడిన కాంట్రాక్టరు అంటారు, మరికొందరు ప్రభుత్వ కక్షకు బలైన మనిషి అంటారు. ఎవరి మాట పట్టుకోవాలి? భార్యాబిడ్డల గురించి దొరికేది చాలా తక్కువ. వారి మధ్య సంభాషణలు కల్పించి రాయవచ్చా? తెలుగు పాఠకులకు దగ్గర చేయడానికి మన విశాఖ యార్డుతో పోలికలు పెట్టాలా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, మీరు ఎంచుకున్న మనిషి జీవితం నిజంగా ఒక పుస్తకానికి తగినది. అయితే మీ మూడు ప్రశ్నలకూ వేరువేరుగా జవాబులు వెతికితే పుస్తకం ముక్కలుగా మిగిలిపోతుందని నా భయం. వాటన్నిటికీ ఆధారమైన విషయం ఒకటుంది. జాన్ రోచ్ స్థాపించిన సంస్థ పేరు ‘జాన్ రోచ్ అండ్ సన్స్’. ఆయన 1887 జనవరి 10న కన్నుమూసిన తరువాత కూడా పెన్సిల్వేనియా రాష్ట్రం చెస్టర్‌లోని షిప్‌యార్డును ఆయన కుమారుడు జాన్ బేకర్ రోచ్ 1908లో తాను చనిపోయే దాకా నడిపాడు. అంటే తండ్రి ఆ యార్డులో ఓడలు కట్టినది దాదాపు పదహారేళ్లయితే, కొడుకు దానిని నిలబెట్టినది ఇరవై ఒక్క ఏళ్లు. ఈ లెక్కను ఎదురుగా పెట్టుకుని చూస్తే, మీరు రాయవలసినది పేదవాడు పైకొచ్చి పడిపోయిన కథ కాదని, ఒక కుటుంబం రెండు తరాలపాటు చేసిన వృత్తి చరిత్ర అని స్పష్టమవుతుంది.

ఆరంభం గురించి ముందుగా ఒక హెచ్చరిక చేయాలి. ఐరిష్ వలస అనగానే రచయితలు బంగాళాదుంప పంట తెగులుతో వచ్చిన మహాక్షామాన్ని తెచ్చి పెడతారు. ఆ క్షామం 1845లో మొదలైంది, రోచ్ అమెరికాలో అడుగుపెట్టినది 1832లో. ఆయన ఆకలి ఓడల్లో వచ్చినవాడు కాదు. కార్క్ కౌంటీలోని మిచెల్స్‌టౌన్‌లో 1815 క్రిస్మస్ రోజున, దెబ్బతిన్న ఒక చిన్న వర్తకుడి ఇంట పుట్టి, ఇంటి పరిస్థితి కుదుటపడే దారి కనబడక బయలుదేరిన కుర్రవాడు. మిచెల్స్‌టౌన్ రేవు పట్టణం కాదు. గాల్టీ కొండల దాపున, సముద్రానికి దూరంగా, కింగ్‌స్టన్ ప్రభువుల భూముల మధ్య ఉన్న ఊరు. తరువాతి రోజుల్లో సముద్రం మీద అంత పేరు తెచ్చుకున్న మనిషి సముద్రం కనబడని ఊళ్లో పుట్టాడన్నది పాఠకుడికి తప్పక చెప్పవలసిన సంగతి, ఎందుకంటే ఆయన నేర్చిన విద్య ఓడల విద్య కాదు, ఇనుము విద్య.

ఆ విద్య నేర్చిన చోటు మీకు దగ్గరలోనే ఉంది. న్యూజెర్సీ మన్మత్ కౌంటీలోని హోవెల్ వర్క్స్‌ను ఇప్పుడు అలేర్ స్టేట్ పార్కులో పాతకాలపు గ్రామంగా కాపాడుతున్నారు. జేమ్స్ అలేర్ అనే ఇంజన్ల తయారీదారు అక్కడ కొలిమి, పోతపని, కార్మికుల ఇళ్లు, దుకాణం, చర్చి అన్నీ ఒకే ఆవరణలో ఏర్పాటు చేసి, కూలికి బదులు తన సొంత కాగితపు నోట్లు ఇచ్చేవాడు. ఆ నోట్లు చెల్లేది ప్రధానంగా ఆయన దుకాణంలోనే. పదహారేళ్ల వలస కుర్రవాడు పని నేర్చుకుంటున్న కాలంలో యజమాని చేతిలో ఎంత బందీగా ఉంటాడో ఈ ఒక్క ఏర్పాటు చెబుతుంది. మీరు అక్కడికి వెళ్లి ఒక పగలంతా తిరిగి రండి. కొలిమి నుంచి ఇళ్ల వరుస ఎంత దూరమో, చెరువు నీరు చక్రానికి ఎటునుంచి అందేదో కళ్లారా చూసి రాసిన పేజీకీ, చదివి రాసిన పేజీకీ తేడా పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

ఎమలీన్ జాన్సన్‌తో ఆయన వివాహం, 1839లో జాన్ బేకర్ పుట్టడం ఈ కార్ఖానా సంవత్సరాల్లోనే జరిగాయి. 1840 ప్రాంతంలో రోచ్ ఇల్లినాయిస్‌లో భూమి కొని సేద్యగాడిగా స్థిరపడాలనుకున్నాడు. ఆ ప్రయత్నం నిలవక న్యూయార్క్ తిరిగి వచ్చాడు. చాలామంది ఈ ఘట్టాన్ని ఒక వాక్యంతో దాటేస్తారు, మీరు దాటవద్దు. పాలు తాగే బిడ్డ ఉన్న ఇల్లు పడమటి మైదానాలకు తరలాలా వద్దా అన్న నిర్ణయం ఒక్క మగవాడి సాహసంగా రాయదగినది కాదు. భూమి మీద ఆశ ఐర్లండ్ రైతు కుటుంబాల వారికి ఎంత సహజమో, కౌలు భూముల మధ్య పెరిగిన వారి సొంత పొలం కోరిక ఎంత బలమైనదో వివరిస్తే, మళ్లీ కొలిమి దగ్గరికి తిరిగి రావడం అతనికి ఎంత కష్టమై ఉంటుందో పాఠకుడే ఊహించుకుంటాడు.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తాను. సంభాషణలు కల్పించవద్దు. నవల రాస్తున్నానని అట్ట మీద ప్రకటిస్తే అది వేరే పని. జీవితచరిత్ర అని పేరు పెట్టి ఎమలీన్ నోట మాటలు పెడితే, ఆ తరువాత మీరు చెప్పే నిజమైన సంగతుల మీద కూడా పాఠకుడికి అనుమానం పుడుతుంది. సమాచారం తక్కువగా ఉన్నప్పుడు చేయవలసినది వేరే ఉంది. అమెరికా జనగణనలో 1850కి ముందు కుటుంబ యజమాని పేరు మాత్రమే రాసేవారు, మిగిలినవారు వయసుల వారీ అంకెలు మాత్రమే. 1850 నుంచి ఇంట్లో ఉన్న, బానిస కాని ప్రతి మనిషి పేరు, వయసు, పుట్టిన చోటు నమోదయ్యాయి. 1880లో మొదటిసారిగా ఇంటి యజమానికి ఒక్కొక్కరు ఏమవుతారో కూడా రాశారు. కాబట్టి ఆ కుటుంబం న్యూయార్క్‌లో ఎలా పెరిగిందో, ఏ కొడుకు ఎప్పుడు ‘ఇంజనీరు’, ‘గుమాస్తా’ అన్న గుర్తుతో కనబడ్డాడో, ఇంట్లో పనివాళ్లు ఎప్పటి నుంచి చేరారో వరసగా నాలుగు జనగణనల్లో పట్టుకోవచ్చు. 1890 జనగణన పత్రాలు ప్రమాదంలో దాదాపు పూర్తిగా నాశనమయ్యాయి కనుక ఆయన మరణానంతరం మొదటి దశాబ్దానికి నగర డైరెక్టరీలు, వీలునామా దాఖలా చేసిన కోర్టు పత్రాలు మీకు ఆధారం. ఇంటిపేరును ఐర్లండ్‌లో ఒక విధంగా, అమెరికాలో ఇంకొక విధంగా రాసుకున్నారు. రెండు రకాల అక్షరాలతోనూ వెతకకపోతే సగం పత్రాలు మీ కంటబడవు.

ఎమలీన్ గురించి పత్రాలు మౌనంగా ఉన్న చోట, ఆ ఇంటి మీద పడిన సంఘటనలను తేదీలతో చెప్పడమే ఆమెకు ఇచ్చే గౌరవం. 1852లో రోచ్ భాగస్వాములతో కలిసి న్యూయార్క్‌లో ఎట్నా ఐరన్ వర్క్స్ అనే చిన్న పోత కార్ఖానా కొన్నాడు. కొద్దికాలానికే ఏకైక యజమాని అయ్యాడు. 1856లో బాయిలర్ పేలి కార్ఖానా ధ్వంసమైంది. మళ్లీ అప్పు తెచ్చి కట్టాడు. అప్పటికి జాన్ బేకర్ వయసు పదహారు, పదిహేడు. అంతర్యుద్ధ కాలంలో ఆ కార్ఖానా ఓడ ఇంజన్ల తయారీకి పేరు పొంది, ‘డండర్‌బర్గ్’ అనే భారీ ఇనుప కవచపు యుద్ధనౌకకు ఇంజన్లు చేసింది. ఆ నౌక చివరికి ఫ్రాన్స్‌కు అమ్ముడుపోయింది. యుద్ధం ముగిసి పని తగ్గి, పోటీ కార్ఖానాలు మూతపడుతున్నప్పుడు రోచ్ ఈస్ట్ నది ఒడ్డున ఉన్న మోర్గన్ ఐరన్ వర్క్స్‌ను కొని తన పనిని అక్కడికి మార్చాడు.

ఓడ ఇంజన్లు చేసే మనిషి ఓడలే కట్టే మనిషిగా మారినది 1871లో, యాభై ఐదేళ్ల వయసులో. పెన్సిల్వేనియాలో ఫిలడెల్ఫియాకు దిగువన, డెలావేర్ నది ఒడ్డున ఉన్న చెస్టర్‌లో దివాలా తీసిన రీనీ, సన్ అండ్ ఆర్చ్‌బోల్డ్ యార్డును కొన్నాడు. ఈ ఘట్టం దగ్గర మీరు నిదానించి రాయాలి, ఎందుకంటే ఆయన గొప్పతనమంతా ఇక్కడుంది. చెక్క ఓడల కాలంలో ప్రపంచంతో పోటీపడ్డ అమెరికా, ఇనుప ఓడల కాలం వచ్చేసరికి బ్రిటన్ వెనుక పడిపోయింది. స్కాట్లండ్‌లోని క్లైడ్ నది యార్డులకు దగ్గరలోనే చౌక ఇనుము, బొగ్గు, చేయి తిరిగిన పనివారు ఉన్నారు. అటువంటి వారిని ఎదుర్కోవడానికి రోచ్ ఎంచుకున్న మార్గం ముడిసరుకు నుంచి పూర్తయిన ఓడ దాకా అంతా తన చేతిలో పెట్టుకోవడం. చెస్టర్‌లోనే ఇనుప రేకులు తీసే చెస్టర్ రోలింగ్ మిల్, తరువాత ఉక్కు కోసం కాంబినేషన్ స్టీల్ అండ్ ఐరన్ కంపెనీ వచ్చాయి. ఇంజన్లు న్యూయార్క్‌లో మోర్గన్ వర్క్స్‌లో తయారయ్యేవి. అమెరికాలో కట్టిన ఓడలకే అమెరికా జెండా అన్న చట్టం ఆయనకు రక్ష. ఆ చట్టాన్ని సడలించమన్న ప్రతిపాదనలకు వ్యతిరేకంగా కాంగ్రెస్ కమిటీల ముందు పదేపదే సాక్ష్యం చెప్పాడు. బడి చదువు అంతంతమాత్రమైన మనిషి అక్కడ వినిపించిన లెక్కలు, వాదనలు ముద్రితమై ఉన్నాయి. ఆయన నోటి మాట మీకు నిజంగా దొరికే చోటు అదే. సంభాషణలు కల్పించవలసిన అవసరం అక్కడితో తీరిపోతుంది.

ఆ యార్డు నుంచి దిగిన ఓడల్లో మూడింటిని ఎంచి చెప్పండి, అన్నింటినీ పేర్చవద్దు. పసిఫిక్ మెయిల్ కంపెనీకి 1874లో కట్టిన ‘సిటీ ఆఫ్ టోకియో’, దాని జంట ‘సిటీ ఆఫ్ పెకింగ్’ అప్పటి అమెరికన్ ఇనుప ఓడల్లో అతిపెద్దవి. ఈ టోకియో నౌకే 1885 ఫిబ్రవరిలో, హవాయి చెరకు తోటల్లో పనికి ప్రభుత్వ ఒప్పందం కింద వెళ్లిన తొలి జపాన్ వలస కూలీలను హొనొలులులో దింపింది. ఒక వలసదారు కట్టిన ఓడ ఇంకొక దేశపు వలసదారులను మోసుకెళ్లింది. చెరకు తోటలకు ఓడలెక్కిన తెలుగువారి చరిత్ర తెలిసిన మన పాఠకుడికి దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. రెండోది 1880 నాటి ‘కొలంబియా’. ఎడిసన్ ప్రయోగశాల బయట ఆయన విద్యుద్దీపాలను వ్యాపారపరంగా అమర్చిన మొదటి చోటు ఆ ఓడ. ఆ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్ నేటి ఎడిసన్ పట్టణంలో భాగమే కనుక, అక్కడ ఇల్లు కట్టుకున్న వందలాది తెలుగు కుటుంబాలకు ఈ సంగతి తమ వీధి సంగతిగా ఉంటుంది. మూడోది ‘డాల్ఫిన్’, దాని గురించి కింద చెబుతాను.

బ్రెజిల్ వ్యవహారానికి ఒక పేజీ చాలు. 1878లో రోచ్ తన సొమ్ముతో న్యూయార్క్ నుంచి బ్రెజిల్‌కు ఓడల లైను నడిపి, కాంగ్రెస్ తపాలా సబ్సిడీ ఇస్తుందని నమ్మాడు. అది రాలేదు. భారీ నష్టంతో లైను మూసి, ఓడలను అమ్ముకోవలసి వచ్చింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. కాంట్రాక్టరా, బాధితుడా అని తేల్చి ఒక పక్షం ఎంచుకోవద్దు. రెండు సంగతులూ నిజమే, వాటిని కాలక్రమంలో పక్కపక్కన పెట్టడమే మీ పని. 1870ల్లో నౌకాదళ మంత్రి జార్జ్ రాబెసన్, పాత కవచ నౌకలకు మరమ్మతు అన్న పేరుతో దాదాపు కొత్త నౌకలే కట్టించి, పాత ఇనుమును చెల్లింపు కింద జమకట్టి, ఆ పనుల్లో పెద్ద భాగం రోచ్‌కు అప్పగించాడు. 1882లో ఆ పదవికి వచ్చిన విలియం చాండ్లర్ అంతకుముందు రోచ్ తరఫున పనిచేసిన న్యాయవాది. ఈ రెండు సంగతులనూ దాచి రాస్తే మీ పుస్తకం కుటుంబ ప్రశంసాపత్రమవుతుంది. అయితే 1883లో ‘అట్లాంటా’, ‘బోస్టన్’, ‘షికాగో’, ‘డాల్ఫిన్’ అనే నాలుగు ఉక్కు నౌకలకు టెండర్లు పిలిచినప్పుడు నాలుగింటికీ అతి తక్కువ ధర చెప్పినది రోచే, మొత్తం 24,40,000 డాలర్లు. నౌకల రూపకల్పన నౌకాదళపు సలహా మండలిది. ఆ నాణ్యతలో ఉక్కు చేయడం అప్పటికి అమెరికా మిల్లులకే కొత్త. మిత్రులు కార్యాలయంలో ఉన్నందువల్ల పని దక్కిందన్న ఆరోపణ, లెక్క తక్కువ వేసినందువల్ల పని దక్కిందన్న వాస్తవం, రెండూ ఒకే పేరాలో ఉండాలి.

1885 మార్చిలో క్లీవ్‌లాండ్ అధ్యక్షుడయ్యాడు. అంతర్యుద్ధం తరువాత ఎన్నికైన మొదటి డెమోక్రాట్ అధ్యక్షుడు ఆయన; రాబెసన్, చాండ్లర్‌లది ప్రత్యర్థి రిపబ్లికన్ పార్టీ. కొత్త నౌకాదళ మంత్రి విలియం విట్నీ ‘డాల్ఫిన్’ ఆశించిన వేగం అందుకోలేదని, నిర్మాణం బలహీనంగా ఉందని తీసుకోవడానికి నిరాకరించాడు. ఒప్పందమే చెల్లదని అటార్నీ జనరల్ అభిప్రాయమిచ్చాడు. యార్డులో ఇంకా మూడు పెద్ద నౌకలు సగంలో ఉండగా చెల్లింపులు నిలిచిపోతే ఎంత పెద్ద సంస్థ అయినా నిలవదు. జూలై 18న రోచ్ తన ఆస్తులను ఋణదాతల మేలు కోసం ఇద్దరు ధర్మకర్తల చేతిలో పెట్టాడు. వారిలో ఒకరైన జార్జ్ క్వింటార్డ్ మోర్గన్ వర్క్స్‌ను ఒకప్పుడు ఆయనకు అమ్మిన మనిషే. మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటే అప్పులవాళ్లకు చెయ్యి చూపించాడని అర్థం కదా. మీ పాఠకులు ఈ చర్యను అలా తీసుకునే ప్రమాదం ఉంది. ఇది దానికి పూర్తిగా భిన్నమని, అప్పులవాళ్లలో ఎవరో ఒకరు ముందుగా జప్తు చేసుకుపోకుండా అందరికీ న్యాయం జరిగేలా చేసిన ఏర్పాటు అని, దీనివల్లనే యార్డు ముక్కలుగా అమ్ముడుపోకుండా తిరిగి కుటుంబం చేతికి రాగలిగిందని తప్పక వివరించండి.

‘డాల్ఫిన్’ మీద తీర్పు మీరు చెప్పనక్కరలేదు, దాని తరువాతి చరిత్ర చెబితే చాలు. బలహీనమని తిరస్కరించిన ఆ నౌకను అదే సంవత్సరం డిసెంబరులో నౌకాదళం విధుల్లోకి తీసుకుంది. అది దక్షిణ అమెరికాను చుట్టి, జపాన్, చైనా, సిలోన్, ఇండియా రేవులు చూసుకుంటూ భూమి చుట్టి 1889 సెప్టెంబరులో న్యూయార్క్ చేరింది. 1914లో మెక్సికోలోని టాంపికోలో అమెరికా నావికులను అక్కడి సైనికులు నిర్బంధించిన సంఘటనలో ఆ నావికులు ఈ నౌక వారే; అంటే ముప్పై ఏళ్లకు కూడా అది సముద్రం మీదే ఉంది. ‘బోస్టన్’ 1898లో స్పెయిన్‌తో జరిగిన మనీలా అఖాతం యుద్ధంలో అమెరికా నౌకాదళ సేనాని డ్యూయీ వెంట పోరాడింది. ఆ యుద్ధంలో ఆయన పతాక నౌక ‘ఒలింపియా’ ఇప్పటికీ ఫిలడెల్ఫియా రేవులో నిలిపి ఉంది. అది వేరే యార్డులో కట్టినదే అయినా, ఆనాటి ఉక్కు నౌక లోపల మెట్లు, బొగ్గు గదులు, ఇంజన్లు ఎలా ఉండేవో చూడాలంటే చెస్టర్‌కు వెళ్లే దారిలో అక్కడ ఆగండి.

‘డాల్ఫిన్’ భూమి చుట్టి రావడం మొదలు ఆ తరువాతి వార్తలేవీ వినడానికి రోచ్ బతికి లేడు. నోటి క్యాన్సర్‌తో, డెబ్బై ఒకటో ఏట పోయాడు. ఈ మరణాన్ని ప్రభుత్వం చేసిన హత్యగా రాయాలన్న మోజు మీకు కలుగుతుంది, నిగ్రహించుకోండి. జబ్బు జబ్బే. ఆస్తి ధర్మకర్తల చేతిలో, మూడు నౌకలు ప్రభుత్వం చేతిలో, తండ్రి మంచం మీద ఉన్నప్పుడు నలభై ఏడేళ్ల జాన్ బేకర్ పొద్దున్నే లేచి యార్డుకు వెళ్లవలసి వచ్చిందన్నదే అక్కడ రాయదగిన దుఃఖం.

పోలికల సంగతి. విశాఖ యార్డును పుస్తకం మధ్యలోకి తీసుకురావద్దు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీట దిగిన ఘట్టం మనకు ఎంత ఆత్మీయమైనదైనా, దానికి వెనుక ఉన్నది వలస పాలనతో పోరాడి ఆ యార్డును స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్ కథ. రోచ్ కథకూ దానికీ కారణకార్య సంబంధం లేదు. అయితే ముందుమాటలో, షిప్‌యార్డు సైరన్ వింటూ పెరిగిన మీరు ఈ మనిషి వైపు ఎందుకు ఆకర్షితులయ్యారో ఒక పేజీ రాయండి. మీ నాన్నగారు జీవించి ఉంటే ఆయనను కూర్చోబెట్టి రేకు వంచడం, రివెట్టు కొట్టడం, కీల్ (ఓడ అడుగు దూలం) వేయడం, ఓడను స్లిప్‌వే మీద నుంచి జారవిడవడం వంటివి ఎలా జరుగుతాయో అడగండి. ఆయన తరం విశాఖ పనివాళ్లు వాడిన మాటలే మీ పుస్తకానికి సరైన తెలుగు. నిఘంటువు చూసి కొత్త పదాలు పుట్టించవద్దు.

చివరిగా రచనా క్రమం. 1887 తరువాతి అధ్యాయాన్ని అన్నింటికంటే ముందు రాయండి. చాలామంది రచయితలు తండ్రి మరణంతో అలిసిపోయి కొడుకుకు అరపేజీ ఇస్తారు. జాన్ బేకర్ తండ్రిలా పేపర్లకెక్కిన మనిషి కాదు, కానీ న్యూయార్క్, ఫాల్ రివర్‌ల మధ్య రాత్రిపూట నడిచిన ‘ప్యూరిటన్’, ‘ప్లిమత్’, ‘ప్రిసిల్లా’ వంటి పెద్ద ప్రయాణికుల స్టీమర్లు ఆయన హయాంలోనే చెస్టర్‌లో నీట దిగాయి. వాటిలో ‘ప్రిసిల్లా’ 1937లో ఆ లైను మూతపడే దాకా నడిచింది. 1908లో ఆయన పోవడంతో కుటుంబం ఓడల పని ఆగిపోయింది. ఆ స్థలం మొదటి ప్రపంచయుద్ధంలో హారిమన్ అనే వ్యాపారి యాజమాన్యంలో మళ్లీ ఓడలు కట్టి, 1920ల్లో ఫోర్డ్ కంపెనీ కార్ల కర్మాగారంగా మారింది. ఈ అధ్యాయం పూర్తయ్యాక తండ్రి అధ్యాయాలకు తిరిగి రండి. కొడుకు ఎక్కడికి చేరతాడో ముందే తెలిసి ఉంటే, హోవెల్ వర్క్స్ నుంచి చెస్టర్ దాకా ఏ ఘట్టానికి ఎన్ని పేజీలు ఇవ్వాలో మీకు ఇంకొకరిని అడగవలసిన పని ఉండదు.